గుర్తు పెట్టని గుమ్మం

ఏప్రిల్ 29

అక్క ఊరు చేరింది. పెట్టె మూత తీయకుండానే సాయంత్రానికి మట్టి చేసేశామని పెంచలయ్య బావ ఫోన్ చేశాడు. నేను ఏడవలేదు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది, దాని కింద ఇంటి యజమాని బాబా తెల్ల అంగీ ఉంది. ఏడుస్తూ నిలబడితే అది కాలిపోయేది.

చెప్పుకోవడానికి ఈ అరబ్బు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి రాసుకుంటున్నాను. ఇంకొకరు ఇందులో తల దూర్చనక్కర్లేదు.

సుమలతక్క ఆసుపత్రిలో పోయింది. కాగితంలోనూ అదే ఉంది.

ఏప్రిల్ 30

మాతో పాటు ఈ ఇంట్లో పనిచేసే పియాంగ్ చాప చంకన పెట్టుకుని మేడ ఎక్కేసింది. పెరట్లో పనివాళ్ల గదిలో మూడు మంచాలుంటే ఇప్పుడు మనిషిని నేనొక్కదాన్నే. అక్క మంచం ఏసీ కింద ఉంటుంది. దాని మీదికి నేను మారాను. దాని దుప్పటి కూడా మార్చలేదు, మార్చబుద్ధి కాలేదు.

"ఈ గదిలో మనిషి పోయింది. ఇక్కడ ఉండకూడదు. నువ్వు కూడా లే" అంది పియాంగ్.

"పోయింది ఆసుపత్రిలో" అన్నాను.

నా ముఖంలోకి చూసి, దిండు కూడా తీసుకుంది. ఆ చూపు చూస్తే ఒళ్లు మండింది. తనదేదో పెద్ద దేశమైనట్టు! ఇండోనేషియా అంటే ఒప్పుకోదు. బోర్నియో అడవి అంటుంది, అందులోనూ పునన్ అంటుంది. పునన్ అంటే వాళ్ల జాతి. ఊరనేది లేకుండా అడవిలో తిరిగే మనుషులట. వాళ్ల తాతల కాలంలో నాటడం, కోయడం కూడా లేదట. సగ్గుబియ్యం చెట్టును నరికి, బోదె లోపలి పొట్టును చాప మీద వేసి కాళ్లతో తొక్కి పిండి తీసేవాళ్లట. సగ్గుబియ్యానికి చెట్టుంటుందని నాకు ముప్పైనాలుగేళ్లు వచ్చినా ఎవరూ చెప్పలేదు.

ఇవన్నీ అక్కే దాని దగ్గర రాబట్టింది. మా మధ్య ఉన్నది అరబ్బీ ముక్కలు, కాసిని హిందీ ముక్కలు, మిగతాదంతా చేతులు తిప్పడం. అక్కకు చేతులు తిప్పడం బాగా వచ్చు. వాళ్లిద్దరూ కూరగాయలు తరుగుతూ నవ్వుకుంటుంటే నాకు లోపల కొంచెం కుళ్లుగా కూడా ఉండేది.

మే 2, శుక్రవారం

ఇంటి యజమానురాలు జువేరియాను అందరం మామా అంటాం. ఆవిడ ప్రతి శుక్రవారం లాగే ఈ ఉదయం నిప్పుల మీద ఊద్ అనే సుగంధపు చెక్క వేసి, ఆ పొగ పెరటి గదికి కూడా పట్టించమని పియాంగ్ చేతికిచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది. "సుమా పోయాక ఆ గది దిగులుగా ఉంటుంది" అంది.

పియాంగ్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. ధూపపాత్ర నేల మీద పెట్టి, ముక్కు మూసుకుని గోడకు ఆనుకుంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పొగకేమో అనుకున్నాను.

"ఇది మా అడవి చెట్టు. మా నాన్న దీని కోసమే వెళ్లేవాడు. నెలల తరబడి వెళ్లేవాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"అడవిలో. జ్వరం వచ్చి అక్కడే పోయాడు. మేం గుడిసె అలాగే వదిలేసి వచ్చేశాం. మళ్లీ ఆ తావుకు ఎవ్వరం పోలేదు. ఆయన పేరు ఎవ్వరం అనలేదు." కళ్లు తుడుచుకుని మళ్లీ అంది, "ఈ ఇంటికి ప్రతి శుక్రవారం వస్తున్నాడు."

దాన్ని కసురుకుని, ధూపపాత్ర నేనే లోపలికి తీసుకెళ్లాను. అక్క మంచం కిందా, అటక మీదా, అన్ని చోట్లా పొగ పట్టించాను. అక్కకు ఈ వాసన ఇష్టం. ఇండియా పోయేటప్పుడు ఒక్క ముక్కయినా అడిగి పట్టుకుపోవాలనేది.

మే 3

పొరపాటున టీ రెండు గ్లాసుల్లో పోశాను. పారబోయడం ఎందుకని రెండోది అక్క మంచం పక్కనే పెట్టాను.

మే 4

ఈ రోజు కూడా.

మే 6

మేడ మీద పియాంగ్ పాక వేసుకుంది. బట్టలు ఆరేయడానికి ఎక్కి చూస్తే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. తోటమాలి కొట్టి పడేసిన ఖర్జూరపు మట్టలన్నీ పైకి మోసుకుపోయింది. నీళ్ల ట్యాంకు గోడకు వెదురు కర్రలు ఏటవాలుగా ఆనించి, పైన మట్టలు కప్పింది. ముందువైపు గోడ లేదు, తలుపు లేదు. నేల మీద చదునైన చెక్కలు పరిచి, వాటి మీద చాప వేసింది. వాళ్ల అడవిలో అలాగే వేస్తారట. వేయడానికి ఒక పూట, వదిలేయడానికి ఒక్క మాట చాలు అని చెప్పింది. నాకు నవ్వొచ్చింది. బయట ఎండ నలభై దాటింది, మహాతల్లి మట్టల కింద సంసారం పెట్టింది.

"నువ్వు వస్తే చోటుంది" అంది.

"నాకు ఏసీ గది ఉంది తల్లీ" అన్నాను.

అప్పుడు తను ఒక పేరు పెట్టి నన్ను పిలిచింది. నా పేరు కాదు. ఏమిటని అడిగితే చెప్పింది: వాళ్లలో అయినవాళ్లు పోతే మిగిలినవాళ్ల పేరు మారుతుందట. తండ్రి పోతే ఒక పేరు, బిడ్డ పోతే ఒక పేరు, తోబుట్టువు పోతే ఒక పేరు. పాత పేరుతో పిలిస్తే పోయిన మనిషికి వినబడుతుందట, ఆ మనిషి నోట నానిన పేరు కదా అది. "నిన్ను కవితా అని పిలవను. పిలిస్తే ఆమె కూడా తిరిగి చూస్తుంది."

ఒళ్లంతా కారం రాసుకున్నట్టయింది. "నా పేరు కవిత. మా యక్క పేరు సుమలత. సుమలత, సుమలత, సుమలత. ఏమైంది ఇప్పుడు?" అని గట్టిగా అన్నాను. పియాంగ్ రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుండిపోయింది.

ఆ కొత్త పేరు ఇందులో రాయను. నేను ఒప్పుకుంటే కదా.

మే 7

అక్క చెప్పులు మంచం కింద ముందువైపు తిరిగి ఉన్నాయి. నేను గోడవైపు తిప్పి పెట్టాను. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి ఉంటుంది.

మే 8

బావ ఫోన్. దివసాలు బాగానే జరిగాయట. "అయ్యోరు లెక్క చూసినాడు కవితా. మీ యక్క ధనిష్ఠలో పోయిందంట. ఇంట్లో గానీ పోయింటే ఆర్నెల్లు ఇల్లు పాడు పెట్టాల్సొచ్చేది, దీపం గూడా పెట్టకూడదంట. ఆస్పత్రిలో పోయింది గాబట్టి ఏ దోషమూ లేదన్న్యాడు. నువ్వు నిమ్మళంగా ఉండు."

"ఊఁ, ఆస్పత్రిలోనే బావా" అన్నాను.

చిన్నప్పుడు మా ఊళ్లో గాజులాయన ఇల్లు అలాగే ఆరు నెలలు తాళమేసి ఉండేది. ముళ్లకంప అడ్డం పెట్టారు. స్కూలుకు పోతూ ఆ ఇల్లు రాగానే పరిగెత్తేవాళ్లం. ముందు పరిగెత్తేది అక్కే.

ఇంతకీ పియాంగ్ చెప్పేదీ, మా అయ్యవారు చెప్పేదీ ఒకటేనా? ఛ, ఒకటెట్లా అవుతుంది? మాది నక్షత్రాల లెక్క. దానిది అడవి భయం.

మే 10

తోటలో వేప పుల్లలు ఏరుతుంటే పియాంగ్ పక్కన వచ్చి కూర్చుంది. ఆ పేరుతో పిలిచింది, నేను పలకలేదు. పలకకపోయినా చెప్పుకుపోయింది. అడవిలో ముందు పోయేవాళ్లు వెనక వచ్చేవాళ్లకు గుర్తులు పెడతారట. పుల్ల ఎటు వాలితే అటు పోయారని. పుల్లను చీల్చి, అందులో సమానంగా ఉన్న రెండు చిన్న పుల్లలు అడ్డంగా దూర్చితే మనమంతా ఒకటి, వచ్చి కలవండి అని. ఆకు ఎలా మడిచితే ఆకలి, ఎలా కడితే ఆగమని, ఇలా చాలా చెప్పింది. నాకు ఆ రెండే గుర్తున్నాయి.

"మరి పోయినవాళ్లకు?" అని అడిగేశాను. నోరు ఊరుకోదు కదా.

"వాళ్లకు పెట్టం. పెడితే వెనకే వస్తారు."

"రానీ. వస్తే ఏం? మన మనిషే కదా."

పియాంగ్ నా చెయ్యి పట్టుకుంది. దాని అరచెయ్యి రాయిలా ఉంటుంది. "వస్తే తిరిగి పోలేరు. నీ దగ్గరా ఉండలేరు. మధ్యలో నిలబడిపోతారు. అది వాళ్లకు కష్టం" అంది.

చెయ్యి లాక్కున్నాను. గదికి వచ్చాక రోజూ లాగే "సుమక్కా, వచ్చినా" అని చెప్పి చెప్పులు విడిచాను. ఏసీ వెనక గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. అక్క మాట్లాడబోయే ముందు అలాగే చేసేది. ఏసీ పాతది, నీళ్లు పట్టి ఉంటాయి.

మే 12

మామా మేడ మీది పాక చూసింది.

మమ్మల్నిద్దరినీ హాల్లో నిలబెట్టింది. కోపం కాదు, కంగారు. పక్క విల్లా వాళ్లు చూస్తే పనిమనుషులను ఎండలో పడేశామనుకుంటారని ఆవిడ భయం. "ఎందుకు పైకి పోయావు?" అని పియాంగ్‌ను అడిగింది.

"సుమా" అనబోయి పియాంగ్ ఆగింది. "ఆమె ఆ గదిలో పోయింది మామా. ఆ పొద్దున నేను చూశాను. కళ్లు నేను మూశాను."

మామా నా వైపు తిరిగింది. "నువ్వు ఆసుపత్రిలో అన్నావు. కాగితంలో కూడా ఆసుపత్రి అనే ఉంది. నువ్వు చెప్పు."

డ్రైవరు జిలాని తలుపు దగ్గర సరుకుల సంచులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా రాయచోటి వాడే. ఆ రోజు కారు తోలింది అతనే. అతను సంచుల వైపు చూస్తున్నాడు. పియాంగ్ నా వైపు చూస్తోంది.

"ఆసుపత్రిలోనే మామా" అన్నాను.

మామా నిట్టూర్చింది. పిల్ల బెదిరిపోయి లేనివి చూస్తోంది, మనసు బాగాలేదు, పనికి పంపిన ఏజెన్సీ వాళ్లకు అప్పజెప్పడం మంచిది అంది. గదిలోకి దిగి పడుకుంటానంటే ఉంచుకుంటానని రెండు సార్లు అడిగింది. పియాంగ్ రెండు సార్లూ తల అడ్డంగా ఊపింది.

మొండిది. నేనేం చేయను?

మే 13

నేను అబద్ధం చెప్పలేదు. కాగితం చెప్పిందే చెప్పాను.

మే 15

ఏజెన్సీ వాళ్ల బండి పదకొండింటికి వచ్చింది. పియాంగ్‌కు ఒక్కటే సంచి. వాళ్లలో ఎవరి దగ్గర ఏమున్నా అందరికీ పంచేయడమే, దాచుకోవడం ఉండదని అక్క చెప్పేది. నిజమే కావచ్చు. పోయే ముందు తన దగ్గరున్న బిస్కెట్ పొట్లం విప్పి సగం నాకిచ్చింది. తీసుకోకుండా ఉండాల్సింది. తీసుకున్నాను.

"నాతో ఏమీ అనవా?" అని తెలుగులోనే అడిగాను. ఏ భాషలో అడిగినా ఒకటే.

ఆ పేరుతో పిలిచింది. అంతే. బండి ఎక్కింది.

గేటు దగ్గర ఊడ్వడానికి పోతే వేప చెట్టు పాదులో పుల్ల గుచ్చి ఉంది. పెరటి గదికి వీపు పెట్టి, మేడ మెట్ల వైపు వాలి ఉంది. చీలికలో రెండు చిన్న పుల్లలు అడ్డంగా ఉన్నాయి, రెండూ సమానంగా.

దాన్ని ఊడ్చేయలేదు. ఊడ్చినట్టు చేసి పక్కనుంచి వచ్చేశాను.

మే 16, శుక్రవారం

మామా పొగ వేసింది. ధూపపాత్ర పట్టుకుని గదిలోకి పోతే, పియాంగ్ వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. ఎన్నడూ చూడని మనిషి. అడవిలో గుడిసె కింద ఒక్కడే పడుకుని ఉన్నట్టు అనిపించింది. కూతురు లేని ఇంటికి వచ్చి ఇప్పుడు ఎవరిని వెతుక్కుంటాడు?

టీ రెండు గ్లాసులు. బట్టలు మడతపెట్టి వచ్చేసరికి రెండోది సగానికి వచ్చింది.

నేనే తాగి ఉంటాను.

మే 17

చెప్పులు తలుపు వైపు తిరిగి ఉన్నాయి. ఈ రోజు ఊడ్వలేదు. పియాంగ్ కూడా లేదు.

మే 18

నాకు భయమేం లేదు. అక్కంటే భయమా? నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. ఈ దేశానికి వేలు పట్టి తెచ్చిన మనిషి.

"సుమక్కా, ఏం కావాలి నీకు?" అని మధ్యాహ్నం గట్టిగా అడిగాను. గొంతు సవరించుకున్న చప్పుడు. ఏసీ ఆపేశాను. మళ్లీ అదే చప్పుడు. మాట మాత్రం రాలేదు. అక్క ఎప్పుడూ గొంతు సవరించుకున్నాక ఏదో ఒకటి అనేది. అనలేకపోతోందా?

మధ్యలో నిలబడిపోతారని పియాంగ్ అంది.

మే 20

ఈ రోజు అక్క మాసికం. బావ వీడియో కాల్ చేసి ఆకు వేసింది చూపించాడు. అక్కకు ఇష్టమని అలసంద వడలు పెట్టారు. కాకి ఎంతకూ రాలేదట. రెండు గంటలు కూర్చున్నారట. "ఏమో కవితా, దాని మనసు యాడుండాదో. నీ మీదే ఉండాదేమో" అన్నాడు. ఆయన ఏడుస్తున్నాడు.

నాకు ఇక నోరు ఆగలేదు.

"బావా, యక్క ఆస్పత్రిలో పోలేదు. గదిలోనే పోయింది."

నేను చెప్పుకుపోయాను. పొద్దున డ్యూటీకి లేపుదామని కాలు పట్టుకుంటే చల్లగా తగిలింది. కప్పుకోలేదేమోనని దుప్పటి సర్దాను. సర్ది, టీ పెట్టుకొచ్చాను. రెండు గ్లాసులు. లేవమని తిట్టాను కూడా. పియాంగ్ లేచి వచ్చి, అక్క చెంప మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసి, నా వైపు తిరిగి "ఖలాస్" అంది. దాన్ని తోసేశాను. జిలానీని కేకేశాను. ముగ్గురం కలిసి కారులో వేసుకుని పోయాం. అక్కడ డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి కాగితం రాశాడు, అంతే. దారంతా నేను అక్కతో మాట్లాడుతూనే ఉన్నాను.

"ఆ గదిలో పోయిందని ఒప్పుకుంటే నేను యాడికి పోవాల బావా? నాకు అదే గది, అదే మంచం. ఆస్పత్రి అంటే గది గదిలాగుంటాదనుకున్న్యా. యక్క ఊరకే బయటికి పోయిందిలే, పని చూసుకుని వస్తాదిలే అనుకుంటే పడుకోగలుగుతా అనుకున్న్యా."

బావ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ను ఎవురూ ఏమనరు పాపా. ఆ గది మూసేయించు. దాన్ని పోనియ్యి. పిలవగాకు."

పియాంగ్ చెప్పిన మాటే. నోటితో చెప్పిందీ ఇదే, పుల్ల గుచ్చి చెప్పిందీ ఇదే.

మే 21

మామాకు చెప్పేశాను. అరబ్బీ చాలక చేతులు తిప్పి చెప్పాను. ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇన్ని రోజులూ ఆ మంచం మీదే పడుకున్నావా?" అంది ముందు. తరవాత, "పాపం ఆ పిల్లను పిచ్చిదన్నాను కదా" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

మా వాళ్లలో కూడా ఇలా పోతే ఆరు నెలలు మూసేస్తారని చెప్పాను. గది తాళం నాకే ఇచ్చింది. మేడ మీద మెట్ల గదిలో సామాను తీయించి అక్కడ ఉండమంది, ఏసీ పెట్టిస్తానంది.

జిలానీని ఏజెన్సీకి పంపింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు, ఒక్కడే. కారు దిగకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "సూర్‌లో ఎవురింటికో పంపేసినారంట అక్కా. సముద్రం పక్క. ఫోన్ నంబరు అడిగితే తర్వాత రమ్మన్న్యారు. ఆ రోజు నేనన్నా చెప్పింటే సరిపోయేది. నీ మాట మీద మాటెందుకని ఊరకుండిపోయినా."

అతన్ని ఏమని ఓదార్చను? నా మాట మీదనే కదా పియాంగ్ పోయింది. ఆ కొత్త ఇంట్లో కూడా శుక్రవారం పొగ వేస్తారు. దాని పక్కన ఎవరుంటారు?

మే 22

గది సర్దాను. అక్క చీరలూ చెప్పులూ ఊరికి పంపడానికి మూటగట్టాను. గ్లాసులు రెండూ కడిగి, ఒకటి వంటింట్లో మామా వాళ్ల గ్లాసుల మధ్య పెట్టేశాను. అక్క అక్కడ ఏది తనదో ఎలా గుర్తుపడుతుంది అనుకున్నాను, అనుకుని చెంపలు వేసుకున్నాను.

నా సామాను మేడ మీదికి మోశాను. పాక అలాగే ఉంది. తీసేయమని తోటమాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు. మట్టలు ఎండి తెల్లబడ్డాయి. మొదటిసారి వంగి లోపల కూర్చున్నాను. గాలి బాగానే వస్తోంది, అదుపు లేని నా నోటికి ఆ రోజు ఏసీ గుర్తొచ్చింది. చాప కింద చెక్కలు చూశాను. పియాంగ్ పొట్టి మనిషి, బక్క మనిషి, ఇంత వెడల్పు ఎందుకు పరిచింది అనుకున్నాను. చాప ఎత్తితే తెలిసింది. రెండు పడకలుగా పరిచింది. ఒకటి తనంత పొడుగు, ఒకటి నాకు సరిపోయేంత. నువ్వు వస్తే చోటుంది అన్నది మాట వరసకు కాదు. అక్కడే కూర్చుని, ఆ పిల్ల పెట్టిన పేరుతో నన్ను నేను ఒకసారి పిలుచుకున్నాను. పలికాను. ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఇస్త్రీ పెట్టె ఏదీ చేతిలో లేదు, ఏడ్చాను.

సాయంత్రం వేప చెట్టు దగ్గర రెండు పుల్లలు తీసుకున్నాను. ఒకటి చీల్చి, సమానంగా కోసిన చిన్న పుల్లలు అందులో దూర్చి, గేటు బయట గోడ పక్కన గుచ్చాను, మేడ వైపు వాల్చి. ఈ దారిన ఏ బండిలో పోయినా పియాంగ్ చూస్తుంది. దాని కళ్లు అలాంటివి. జిలాని చూసి, "ఏందక్కా ఇది?" అన్నాడు. "అడ్రసు" అన్నాను.

తరవాత గదికి తాళం వేశాను. లోపల గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఏసీ లేదు, కరెంటు తీసేశారు. తలుపుకు చెయ్యి ఆనించాను. ఆమె పేరు నాలుక మీదికి వచ్చింది, మింగేశాను. ఇకమీదట ఇందులో కూడా రాయను. నన్ను వెతుక్కుంటూ బయటికి వస్తే ఎటు పోయానో ఆమెకెలా తెలుస్తుంది? మేడ అక్కడే, పది అడుగుల్లో ఉంది. గుమ్మం పక్కన మట్టి మెత్తగా ఉంది, గుచ్చితే దిగుతుంది.

రెండో పుల్ల చేతిలో పట్టుకుని వచ్చేశాను. ఇప్పటికీ చేతిలోనే ఉంది.